పాత కారు విరాళం

పాత కారు విరాళం అనగా వాడుకలో ఉన్న లేదా వాడకం మానివేసిన కారును దాని యజమాని ఎట్టి ప్రతిఫలమూ తీసుకొనకుండా ఒక ధార్మిక సంస్థకు ఇచ్చివేయడం. ఈ విధంగా ఇచ్చిన దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు లభిస్తుందనే అభిప్రాయం తెలుగునాట కూడా బాగా ప్రచారంలో ఉన్నది. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రాల చట్టం ప్రకారం కొన్ని షరతులకు లోబడి నిజం. భారతదేశంలో నిజం కాదు. భారత చట్టం డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికి మాత్రమే మినహాయింపు ఇస్తుంది. కారు, బియ్యం, బట్టలు, వైద్య పరికరాలు వంటి వస్తువులకు ఇవ్వదు. కారు దానంలో దాతకు వచ్చే పన్ను లాభం కంటె, పేరు మార్పిడి జరగకపోతే దాతపై మిగిలే బాధ్యత పెద్దది. ఈ వ్యాసంలో రెండు దేశాల పద్ధతులు, ఆంధ్ర ప్రదేశ్‌లో పాటించవలసిన నియమాలు, ఎన్.టి.ఆర్. జిల్లా ఎ.కొండూరు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించబడినవి.

ఎ.కొండూరు ఉదాహరణ

ఎ.కొండూరు పూర్వపు కృష్ణా జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. తిరువూరు రెవెన్యూ డివిజనుకు, తిరువూరు శాసనసభ నియోజకవర్గానికి చెందినది. విజయవాడ నుండి మైలవరం మీదుగా తిరువూరు వైపు వెళ్ళే దారిలో ఉన్నది.

ఈ మండలంలోని లంబాడీ తండాలలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎక్కువగా కనబడుతున్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం ఈ వ్యాధికి ప్రసిద్ధి చెందినా, ఎ.కొండూరు తండాల సంగతి బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసినది. కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్న రోగికి వారానికి రెండు లేక మూడు సార్లు డయాలసిస్ చేయించవలసి ఉంటుంది. ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు పడుతుంది. దగ్గరలో డయాలసిస్ సౌకర్యం రాక పూర్వం రోగులు విజయవాడ వంటి పట్టణాలకు పోయి రావలసి వచ్చేది. కేంద్రం దగ్గరగా ఉన్నా తండా నుండి అక్కడికి చేరడం, డయాలసిస్ తరువాత నీరసంతో తిరిగి ఇల్లు చేరడం, నెఫ్రాలజిస్టు వద్దకు పట్టణానికి పోవడం మాత్రం తప్పవు. వైద్యం ఉచితంగా దొరికినా ప్రయాణం ఉచితంగా దొరకదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ అత్యవసర స్థితికి ఉద్దేశించినది. వారం వారం జరిగే ప్రయాణాలకు కాదు.

ఇటువంటి చోట ఇంట్లో ఊరక పడి ఉన్న కారును రోగుల కోసం ఇద్దామనే ఆలోచన దాతకు కలగడం సహజం. ఆ ఆలోచన అమలులోకి రావాలంటే మూడు ప్రశ్నలకు సమాధానం కావాలి. పన్ను సంగతి ఏమిటి? కారు ఎవరి పేరున ఉంటుంది? దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మొదటి ప్రశ్నకు జనంలో ఉన్న సమాధానం అమెరికా నుండి వచ్చినది కనుక ముందుగా ఆ దేశపు పద్ధతి చూడవలసి ఉన్నది.

అమెరికాలో పద్ధతి

అమెరికాలో ధార్మిక విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు 1917లో మొదలైనది. అక్కడి చట్టం డబ్బుతో పాటు వస్తువులకు కూడా మినహాయింపు ఇస్తుంది. పన్ను చట్టంలోని 501(సి)(3) కింద గుర్తింపు పొందిన సంస్థకు కారు ఇస్తే దాత ఆ విలువను తన ఆదాయం నుండి తగ్గించి చూపవచ్చును. ఆచరణలో చాలా సంస్థలు కారును తామే వాడుకోవు. మధ్యవర్తి కంపెనీ ఒకటి వచ్చి కారును లాగుకొని పోయి వేలం వేస్తుంది. ఖర్చులు, తన వాటా పోగా మిగిలినది సంస్థకు ఇస్తుంది.

2004 చివరి వరకు దాత తన కారు మార్కెట్ విలువను పాత కార్ల ధరల పుస్తకం చూసి తానే వేసుకొనేవాడు. నడవని కారుకు కూడా నడిచే కారు ధర వేసుకున్నవారు ఉన్నారు. అమెరికా పార్లమెంటుకు చెందిన తనిఖీ సంస్థ జనరల్ అకౌంటింగ్ ఆఫీస్ (2004లో దీని పేరు గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ అని మారినది) 2003 నవంబరులో ఈ విషయంపై ఒక నివేదిక ప్రచురించినది. దాని అంచనా ప్రకారం 2000 సంవత్సరానికి సుమారు 7,33,000 రిటర్నులలో వాహన విరాళాలు చూపబడినవి. అందువలన ప్రభుత్వానికి తగ్గిన పన్ను సుమారు 65.4 కోట్ల డాలర్లు. తనిఖీ చేసిన 54 వాహనాలలో దాదాపు మూడింట రెండు వంతుల విషయంలో, దాత చూపిన విలువలో 5 శాతం గాని అంతకంటె తక్కువ గాని సంస్థకు చేరినది. 1983 నాటి ఒక ట్రక్కు కథ ఆ నివేదికలో అందరినీ ఆకర్షించినది. దాత దాని విలువ 2,400 డాలర్లుగా చూపాడు. వేలంలో 375 డాలర్లు పలికినది. ప్రకటనలు, ఇతర ఖర్చులు, మధ్యవర్తి వాటా పోగా ధార్మిక సంస్థకు దక్కినది 31 డాలర్ల 50 సెంట్లు.

2004 అక్టోబరు 22న సంతకమైన అమెరికన్ జాబ్స్ క్రియేషన్ చట్టం ఈ పద్ధతిని మార్చినది. 2005 జనవరి 1 నుండి 500 డాలర్లకు మించి మినహాయింపు కోరే దాత, సంస్థ ఆ కారును అమ్మగా వచ్చిన అసలు ధరను మాత్రమే చూపవలెను. ఆ ధర తెలుపుతూ సంస్థ 1098-సి అనే ఫారం ఇవ్వవలెను. అమ్మిన 30 రోజులలో అది దాతకు చేరవలెను. ఆ కాగితం లేనిదే 500 డాలర్లు దాటిన మినహాయింపు లేదు. మార్కెట్ విలువను పూర్తిగా చూపే అవకాశం మూడు సందర్భాలలో మాత్రమే మిగిలినది. సంస్థ కారును అమ్మకుండా తన సేవా కార్యక్రమంలో గణనీయంగా వాడుకోవడం ఒకటి. కారు విలువ బాగా పెరిగేటట్లు పెద్ద మరమ్మత్తు చేయించడం రెండవది. పేదవారికి ఊరకనే గాని మార్కెట్ కంటె బాగా తక్కువ ధరకు గాని ఇవ్వడం మూడవది. ఈ మూడవ కోవలో పనిచేసే సంస్థలలో మేరీలాండ్ రాష్ట్రంలో 1999లో మొదలైన వెహికల్స్ ఫర్ చేంజ్ పేరు చెప్పవచ్చును. విలువ 5,000 డాలర్లు దాటి, ఈ మూడు సందర్భాలలో ఒకటి వర్తిస్తే అర్హత గల మదింపుదారుని నివేదిక కూడా కావలెను.

ఒక లెక్క చూస్తే ఈ మార్పు ఎంతటిదో తెలుస్తుంది. ధరల పుస్తకంలో 3,000 డాలర్లు ఉన్న కారు వేలంలో 900 డాలర్లకు పోతే దాత చూపగలిగినది 900 మాత్రమే. 22 శాతం శ్లాబులో ఉన్నవారికి మిగిలే పన్ను 198 డాలర్లు. కారు 350 డాలర్లకే పోతే మార్కెట్ విలువ, 500 డాలర్లు - ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది చూపవచ్చును. చట్టం వచ్చిన తరువాత ఇట్టి విరాళాలు 2004లో సుమారు 9 లక్షలు ఉన్నవి 2005లో సుమారు 3 లక్షలకు పడిపోయినవి. అంతకు పూర్వపు దాతలలో దానబుద్ధి ఎంత, లెక్కబుద్ధి ఎంత అనేది ఈ అంకెలను బట్టి పాఠకులు ఊహించుకోవచ్చును.

దీనికి తోడు, విరాళాలను పద్దుల వారీగా విడివిడిగా చూపేవారికే ఈ మినహాయింపు వర్తిస్తుంది. అమెరికాలో ఎక్కువ మంది పద్దులు చూపకుండా అందరికీ ఇచ్చే ప్రామాణిక తగ్గింపును తీసుకుంటారు. 2017 నాటి పన్ను చట్టం ఆ తగ్గింపును దాదాపు రెట్టింపు చేసినది. 2025 సంవత్సరానికి అది ఒంటరి వ్యక్తికి 15,750 డాలర్లు, దంపతులకు కలిపి 31,500 డాలర్లు. ఇట్టివారు కారు దానం చేసినా పన్నులో ఒక్క సెంటు తగ్గదు. పద్దులు చూపనివారికి కూడా 2026 నుండి 1,000 డాలర్ల వరకు (దంపతులకు 2,000) విరాళ మినహాయింపు కల్పించబడినది గాని అది నగదు విరాళాలకే పరిమితం.

భారతదేశంలో చట్టం

భారతదేశంలో విరాళాల మినహాయింపు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షను కింద ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. అందులో ఇదే విషయం 133వ సెక్షనులో ఉన్నది. అయినను జనవ్యవహారంలో '80జి' అన్న మాటే స్థిరపడినది కనుక ఈ వ్యాసంలోనూ ఆ పేరే వాడబడినది.

80జి సెక్షనుకు చేర్చిన 5వ వివరణ, విరాళం డబ్బు మొత్తంగా ఉంటే తప్ప మినహాయింపు లేదని స్పష్టం చేస్తుంది. ఈ వివరణ రాక పూర్వం వస్తువులకు కూడా వర్తిస్తుందా లేదా అన్న వివాదం కోర్టులకు వెళ్ళినది. హెచ్.హెచ్. శ్రీరామవర్మ కేసులో దాత ఇచ్చినవి కంపెనీ వాటాలు. వాటాలు డబ్బు కావు కనుక మినహాయింపు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నిమిషాలలో అమ్ముకోగల వాటాలకే వర్తించనప్పుడు పాత కారుకు వర్తించే ప్రసక్తి లేదు. సంస్థ 80జి రశీదు ఇచ్చినా, దానిపై 'మారుతి కారు ఒకటి, విలువ రూ. 1,20,000' అని రాసినా ఆ రశీదు పన్ను లెక్కకు పనికిరాదు.

అట్లని దాతకు దారి మూసుకుపోలేదు. సొంత వాడకానికి ఉన్న కారు చట్టం దృష్టిలో వ్యక్తిగత వస్తువు. మూలధన ఆస్తి కాదు. కావున దానిని అమ్మితే లాభంపై పన్ను ఉండదు (నష్టం వస్తే దానిని చూపుకొనే వీలూ లేదు). కారును అమ్మి, వచ్చిన డబ్బును బ్యాంకు ద్వారా 80జి ఆమోదం గల సంస్థకు ఇస్తే అది డబ్బు రూపంలో ఇచ్చిన విరాళమే అవుతుంది. చేతికి ఇచ్చే నగదు రూ. 2,000 దాటితే మినహాయింపు లేదు కనుక చెక్కు, బ్యాంకు బదిలీ, యు.పి.ఐ. వంటివి వాడవలెను. 1961 చట్టం కింద 2021-22 ఆర్థిక సంవత్సరం నుండి సంస్థ తనకు వచ్చిన విరాళాల పట్టికను 10బిడి ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, దాతకు 10బిఇ ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చినది. పట్టికలో దాత పాన్ నంబరు లేకపోతే దాత దగ్గర ఎన్ని రశీదులు ఉన్నా ఫలితం లేదు. సంస్థకు ఉన్న 80జి ఆమోదం కూడా కాలపరిమితి గలది; గడువు తీరినదో లేదో ముందుగానే అడిగి తెలుసుకోవడం మంచిది.

మినహాయింపు మొత్తం సంస్థను బట్టి మారుతుంది. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, ముఖ్యమంత్రి సహాయ నిధి వంటి వాటికి ఇచ్చిన దానిలో నూటికి నూరు శాతం ఆదాయం నుండి తగ్గించవచ్చును. సాధారణ ధర్మ సంస్థలకు ఇచ్చిన దానిలో సగమే తగ్గుతుంది. అదీ సవరించిన స్థూల ఆదాయంలో 10 శాతం వరకు ఇచ్చిన విరాళంపైనే. మిగిలినది మరుసటి సంవత్సరానికి పోదు.

లెక్క కొరకు ఎ.కొండూరులో నివసించే ఒక ఉద్యోగిని ఊహించుకొనవచ్చును. వయసు 60 లోపు, సంవత్సరాదాయం రూ. 10 లక్షలు, ఇతర తగ్గింపులు లేవు. పాత కారును రూ. 1,20,000కు అమ్మి ఆ సొమ్మును ఒక ధర్మ సంస్థకు ఇచ్చాడనుకుంటే, 10 శాతం పరిమితి వలన లెక్కలోకి వచ్చేది రూ. 1,00,000. అందులో సగం, అనగా రూ. 50,000, ఆదాయం నుండి తగ్గుతుంది. పాత పన్ను విధానంలో 20 శాతం శ్లాబు, 4 శాతం సెస్సు కలిపి మిగిలే పన్ను రూ. 10,400. అదే సొమ్ము ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే పరిమితి లేదు కనుక మిగిలేది రూ. 24,960.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉన్నది. 80జి మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. 2023-24 నుండి కొత్త విధానమే సహజంగా వర్తించే విధానం అయినది. దానిలో ఈ మినహాయింపు లేదు. పైగా 2025-26 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త విధానంలో రూ. 12 లక్షల వరకు సాధారణ ఆదాయంపై రిబేటు వలన పన్ను పడదు. పైన చెప్పిన ఉద్యోగి రూ. 10,400 మిగుల్చుకోవడం కోసం పాత విధానానికి వెళితే మొత్తం మీద రూ. 1,06,600 పన్ను కట్టవలసి వస్తుంది. కొత్త విధానంలో ఉంటే కట్టవలసినది సున్న. ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, చిన్న వ్యాపారులు వంటి మధ్యతరగతి దాతలలో చాలా మందికి కారు దానానికీ పన్నుకూ ఇప్పుడు సంబంధం లేనట్లే. పన్ను లాభం చూపి కారు అడిగే ప్రకటనలు వీరి విషయంలో అర్థం లేనివి.

వ్యాపార ఖాతాలో ఉన్న కారును దానం చేసినా దాని విలువను వ్యాపార ఖర్చుగా రాసుకొనే వీలు లేదు. కంపెనీలు ఆస్పత్రులకు అంబులెన్సులు ఇవ్వడం తరచు కనబడుతుంది. అది ఎక్కువగా 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను కింద సామాజిక బాధ్యతగా చేసే ఖర్చు. దానినీ వ్యాపార ఖర్చుగా పన్ను చట్టం ఒప్పుకోదు. తిరుమల తిరుపతి దేవస్థానానికి వాహన తయారీ సంస్థలు కొత్త బండ్లు సమర్పించడం పరిపాటి. వాటి వెనుక భక్తి, ప్రచారం ఉండవచ్చును గాని వస్తువు రూపంలో ఇచ్చినందుకు 80జి మాత్రం రాదు.

తీసుకున్నవారి వైపు నుండి చూస్తే చిక్కు తక్కువ. ఊరక వచ్చిన ఆస్తులపై పన్ను వేసే నిబంధనలోని ఆస్తుల జాబితాలో స్థలాలు, ఇళ్ళు, వాటాలు, నగలు, చిత్రపటాలు వంటివి ఉన్నవి, కారు లేదు. కనుక ఒక పేద కుటుంబానికి నేరుగా కారు ఇచ్చినా ఆ కుటుంబంపై ఆదాయపు పన్ను పడదు.

పేరు మార్పిడి

కారును అమ్మకుండా కారుగానే ఇవ్వదలచినవారు అన్నిటికంటె ముఖ్యంగా గమనించవలసినది రిజిస్ట్రేషన్. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం చరాస్తి దానానికి రిజిస్టరు పత్రం తప్పనిసరి కాదు. వస్తువును అప్పగించి, ఎదుటివారు స్వీకరిస్తే దానం పూర్తి అవుతుంది. తాళం చెవులు, సి-బుక్కు చేతికిచ్చి దండం పెట్టి వచ్చేస్తే పని అయిపోయినదని దాతలు అనుకోవడానికి కారణం ఇదే. మోటారు వాహనాల చట్టం దృష్టిలో మాత్రం ఆర్.సి.లో ఎవరి పేరు ఉంటే వారే యజమాని.

నవీన్ కుమార్ - విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు మంచి ఉదాహరణ. 2007లో అమ్మిన ఒక కారు చేతులు మారుతూ పోయినది, ఆర్.సి.లో మాత్రం మొదటి యజమాని పేరే ఉండిపోయినది. 2009లో ఆ కారు వలన ప్రమాదం జరిగి ప్రాణనష్టం కలిగినది. నష్టపరిహారం రిజిస్టరైన యజమాని చెల్లించవలసినదేనని, బాధితులు కొన్నవారి గొలుసును వెదుక్కుంటూ తిరగవలసిన పని లేదని న్యాయస్థానం తేల్చినది. అమ్మకానికి చెప్పిన ఈ సూత్రం దానానికీ అంతే వర్తిస్తుంది. తండాల మధ్య రోజూ తిరిగే కారుకు ప్రమాదావకాశం ఇంట్లో నిలిపి ఉంచిన కారు కంటె చాలా ఎక్కువ.

1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో చేతులు మారితే ఇచ్చినవారు 14 రోజులలో, తీసుకున్నవారు 30 రోజులలో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయవలెను. ఇందుకు ఫారం 29, ఫారం 30 వాడుతారు. కారుపై ఫైనాన్సు ఉంటే అప్పు తీరినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చే పత్రము, ఫారం 35 ముందుగా దాఖలు చేయవలెను. పెండింగు చలానాలు కట్టివేయవలెను. సంస్థ పేరున మార్చేటప్పుడు ట్రస్టు దస్తావేజు లేదా సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, కారును స్వీకరిస్తున్నట్లు తీర్మానం కూడా సిద్ధంగా ఉంచుకొనవలెను. ఒక కార్యకర్త పేరున తాత్కాలికంగా పెట్టడం వలన తరువాత ఆ కారు ఎవరిదన్న తగాదా వస్తుంది.

తిరువూరు ప్రాంతానికి ప్రత్యేకమైన మరొక సమస్య సరిహద్దు. 2014 జూన్ 2 తరువాత పక్కనున్న ఖమ్మం జిల్లా వేరే రాష్ట్రం అయినది. తిరువూరు వారికి ఖమ్మం వైపు బంధుత్వాలు, రాకపోకలు ఎప్పటి నుండో ఉన్నవి. అక్కడి సంస్థకు కారు ఇవ్వాలంటే ఆంధ్ర ప్రదేశ్ రవాణా శాఖ నుండి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకొనవలెను. ఆ పైన తెలంగాణలో కొత్త నంబరు, అక్కడి లైఫ్ ట్యాక్సు కట్టవలసి వస్తుంది. కొద్ది కిలోమీటర్ల దూరానికి ఇచ్చిన దానంలో లైఫ్ ట్యాక్సు భారమే పాత బండి విలువతో పోటీ పడవచ్చును. ఈ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోకపోతే సంస్థలు పేరు మార్చకుండానే బండి తిప్పడం మొదలుపెడతాయి.

బీమా, రోగుల రవాణా

కారు చేతులు మారినప్పుడు బీమా కూడా మారినట్లే చట్టం భావిస్తుంది గాని, తీసుకున్నవారు 14 రోజులలో బీమా కంపెనీకి దరఖాస్తు చేయవలెను. క్లెయిము చేయనందుకు వచ్చే బోనస్ కారుతో పోదు. అది పాత యజమానికే చెందుతుంది, తన తరువాతి కారుకు వాడుకోవచ్చును.

రోగులను తీసుకుపోయే కారుకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే చాలదు. సొంత వాహనంలో ఊరక ఎక్కించుకున్నవారికి ఆ పాలసీ వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. ఎక్కినవారికి కూడా రక్షణ కావాలంటే సమగ్ర పాలసీ తీసుకొనవలెను. రోగుల వద్ద కిరాయి వసూలు చేయదలిస్తే, అది పెట్రోలు ఖర్చు మాత్రమే అయినా, కారును రవాణా వాహనంగా మార్చి పసుపు పలక, పర్మిటు, ఫిట్నెస్ పత్రం పొందవలెను. లేనిచో ప్రమాద సమయంలో బీమా కంపెనీ తప్పుకొనడానికి అదొక్కటే చాలు. సాధారణ కారుపై అంబులెన్సు అని రాయించి సైరను బిగించడం కూడా చెల్లదు. అంబులెన్సులకు ప్రత్యేక నిర్మాణ ప్రమాణాలు ఉన్నవి, వాహనంలో మార్పులకు రవాణా శాఖ అనుమతి అవసరం. డయాలసిస్ రోగికి అంబులెన్సు అవసరం సాధారణంగా ఉండదు. కూర్చొని పోగల సుఖమైన సీటు, సమయానికి వచ్చే డ్రైవరు ఉంటే సరిపోతుంది.

పదిహేనేళ్ళు దాటిన బండి

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలకు ముగుస్తుంది. ఆ తరువాత తనిఖీ జరిపించి రెన్యువలు చేయించుకొనవలెను. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ రాక పూర్వం కృష్ణా జిల్లా బండ్లకు ఎపి 16 నంబర్లు ఉండేవి. ఆ నంబర్ల కార్లలో అధిక భాగం ఈ గడువు దాటినవి లేదా దాటబోతున్నవి. ఇట్టి కారును సేవా సంస్థకు అంటగట్టడం వలన సంస్థకు రెన్యువలు, మరమ్మత్తుల ఖర్చు తప్ప మిగిలేది తక్కువ. 2021లో ప్రకటించిన తుక్కు విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రంలో కారును అప్పగిస్తే తుక్కు విలువతో పాటు ఒక డిపాజిట్ ధ్రువపత్రం వస్తుంది. ఆ పత్రంతో కొత్త సొంత వాహనం కొంటే రాష్ట్ర వాహన పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనలు వీలు కల్పించినవి. ఈ పత్రాన్ని ఇతరులకు బదిలీ చేయవచ్చును. తుక్కు సొమ్మును విరాళంగా ఇస్తే అది డబ్బే కనుక 80జి పరిధిలోకి వస్తుంది. గుర్తింపు లేని పాత ఇనుము వ్యాపారికి అమ్మితే ఆర్.సి. రద్దు కాకుండా ఉండిపోయి, పైన చెప్పిన బాధ్యతే తిరిగి దాత మెడకు చుట్టుకుంటుంది.

ప్రవాసాంధ్రులు

తిరువూరు, నూజివీడు ప్రాంతాల నుండి అమెరికా వెళ్ళినవారు అక్కడి తమ కారును ఇచ్చి సొంత ఊరికి సహాయపడదలిస్తే కారును పంపడం సాధ్యం కాదు. భారతదేశపు దిగుమతి నిబంధనల ప్రకారం పాత వాహనం మూడేళ్ళకు మించినది కాకూడదు, స్టీరింగు కుడివైపు ఉండవలెను. అమెరికా కార్లకు అది ఎడమవైపు. భారతదేశంలోని ట్రస్టుకు నేరుగా ఇచ్చిన డబ్బుకు అమెరికా మినహాయింపు లేదు. సంస్థ అమెరికాలో ఏర్పడినదై ఉండవలెను. కావున అక్కడ నమోదైన తెలుగు సంఘాల ధర్మ సంస్థలకు కారు గాని డబ్బు గాని ఇవ్వడం, ఆ సంస్థ తన నిర్ణయం ప్రకారం ఇక్కడ ఖర్చు పెట్టడం వాడుకలో ఉన్న మార్గం. దాత సంస్థను కేవలం తపాలా పెట్టె వలె వాడుకుంటే మినహాయింపు పోతుంది.

ఇక్కడ తీసుకొనే సంస్థకు 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండవలెను. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాకే రావలెను. ఒక సంస్థ తాను తీసుకున్న విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు ఇవ్వరాదు. భారత పాస్‌పోర్టు గల ప్రవాసి తన సొంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందకు రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకున్న తరువాత పంపితే వస్తుంది. సెలవులకు వచ్చినప్పుడు వాడుకొనడానికి ఊరిలో కొని ఉంచిన కారును విదేశీ పౌరసత్వం గలవారు స్థానిక సంస్థకు ఇచ్చినా ఇదే నిబంధన వర్తిస్తుంది, ఎందుకనగా చట్టంలో విరాళమంటే వస్తువు కూడా.

ఇతర దేశాలు

కెనడాలో గుర్తింపు గల సంస్థ కారు మార్కెట్ విలువకు రశీదు ఇవ్వవచ్చును. బ్రిటన్‌లో గిఫ్ట్ ఎయిడ్ రాయితీ డబ్బుకే వర్తిస్తుంది. అక్కడ సంస్థలు దాత తరఫున కారు అమ్మి, ఆ సొమ్మును దాత అనుమతితో విరాళంగా స్వీకరించి రాయితీ పొందుతాయి. అమ్మి డబ్బు ఇవ్వడమనే భారతీయ దాత మార్గానికి ఇది దగ్గరగా ఉన్నది.

సంస్థకు అయ్యే ఖర్చు

కారు ఊరక వచ్చినా దానిని నడపడం ఊరక జరగదు. డ్రైవరు జీతం, ఇంధనం, టైర్లు, బ్యాటరీ, సమగ్ర బీమా, మరమ్మత్తులు ప్రతి నెలా ఉండేవి. ఒక రోగికి వారానికి మూడు డయాలసిస్‌లు అంటే రాకపోకలు కలిపి ఆరు ప్రయాణాలు. నలుగురు రోగులు వేర్వేరు తండాలలో ఉంటే, వేర్వేరు వేళలలో వారానికి 24 ప్రయాణాలు. ఇంత ఖర్చు భరించలేని చిన్న సంస్థలకు వచ్చిన కార్లు కొద్ది నెలలకే షెడ్డు చేరుతాయి. అట్టి సంస్థకు కారు కంటె, కారు అమ్మగా వచ్చిన సొమ్ము ఎక్కువ ఉపయోగం. ఆ సొమ్ముతో స్థానిక ఆటోలు, కార్లవారితో నెలవారీ ఒప్పందం చేసుకుంటే రోగులు సమయానికి చేరుతారు, బండి బాధ్యత బండి యజమానిదే అవుతుంది, దాత పేరు ఏ ఆర్.సి.లోనూ మిగలదు. డ్రైవరు, నిర్వహణ నిధి ముందే ఉన్న ఆస్పత్రికి లేదా పెద్ద ట్రస్టుకు మాత్రం మంచి స్థితిలో ఉన్న కారు కారుగానే పనికివస్తుంది.